అన్నకొచ్చిన నంబరు

స్పెయిన్ వెళ్ళాలంటే ముందుగా ఒక నంబరు తెచ్చుకోవాలని గంగాప్రసాద్ చెప్పిన రోజు, మా ఆయన అన్నం సగంలో వదిలేసి చెయ్యి కడుక్కున్నాడు.

అది మే నెల. మస్కట్‌లో, అజైబాలో, ఒక కిరాణా కొట్టు పైన రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్ళం. ఆయన, నేను, పన్నెండో తరగతిలోకి వచ్చిన మా నాదియా. ఆయన పడవ ఇంజన్ల మెకానిక్కు. పనిచేసే యార్డును ఆ ఏడాది చివర మూసేస్తున్నామని కంపెనీ చెప్పేసింది. యార్డు పోతే వీసా పోతుంది. వీసా పోతే నాదియా చదువు పరీక్షల ముందర ఆగిపోతుంది. ఏం చెయ్యాలో తోచక మేం తిరుగుతున్న రోజుల్లోనే, యార్డుకు వచ్చిపోయే స్పెయిన్ ఇంజనీరు ఒకాయన, విగో అనే రేవు పట్టణంలో తమ ఓడల షెడ్డులో పని ఇస్తాను, వస్తారా అని మా ఆయన్నూ ఇంకో ఇద్దరినీ అడిగాడు. అమలాపురం మనిషి గంగాప్రసాద్ ఆ ఇద్దరిలో ఒకడు. కాగితాల సంగతి ముందుగా కనుక్కున్నదీ అతనే.

ఆ నంబరు వీసా కాదట. ఆ దేశంలో పరాయి మనుషులకిచ్చే గుర్తింపు నంబరట. జీతం, బ్యాంకు, అద్దె ఇల్లు, అన్నీ దాని మీదనే నడుస్తాయట. మస్కట్‌లో వాళ్ళ ఎంబసీకి మనమే స్వయంగా వెళ్ళి, కాన్సులర్ కౌంటర్ ముందు నిలబడి అడగాలట.

"ఒకసారి ఇచ్చారంటే పోయేదాకా అదే నంబరండి, హసన్ భాయ్," అన్నాడు గంగాప్రసాద్. "దానితోపాటు మన ఇండియా పోలీసు సర్టిఫికెట్టు ఒకటి. ఊళ్ళో ఎంక్వయిరీ చేసి ఇస్తారు. మనకేం భయమండి."

ఊళ్ళో ఎంక్వయిరీ అన్న మాట దగ్గరే మా ఆయన చెయ్యి ఆగింది.

గంగాప్రసాద్‌కు తెలియదు. యార్డులో ఎవరికీ తెలియదు. మా నాదియాకు కూడా తెలియదు. మా ఆయన పేరు హసన్ కాదు, జిలాని. హసన్ ఆయన అన్న.

ఇరవయ్యారేళ్ళ కిందట, రాయచోటి దగ్గర మా పల్లెలో, హసన్‌కు మస్కట్ వీసా వచ్చింది. ప్రయాణం దగ్గరపడ్డాక లారీ గుద్ది చనిపోయాడు. ఉన్న చేను అమ్మి తెచ్చుకున్న వీసా అది. అన్నదమ్ములిద్దరిదీ ఒకటే పోలిక. మా అత్త పెద్దకొడుకు పాస్‌పోర్టు చిన్నకొడుకు చేతిలో పెట్టి విమానం ఎక్కించింది. ఆ తర్వాత నాతో నిఖా జిలాని పేరుతోనే జరిగింది. పాస్‌పోర్టులో మాత్రం నేను హసన్ భార్యను. నాదియా హసన్ కూతురు.

ఊళ్ళో హసన్ నిజం భార్య ఉంది. రషీదున్నీసా. మా ఆయనకు వదిన, నాకు వరసకు అక్క. హసన్ పోయేనాటికి ఆమెకు పెళ్ళయి ఏడాది కూడా కాలేదు. మా అత్తను చివరిదాకా సాకింది ఆమే. కాగితం మీద మొగుడు బతికే ఉన్నాడు కాబట్టి ఆమె విధవ కాదు. పింఛను లేదు. ఎవరైనా మళ్ళీ పెళ్ళి మాట ఎత్తితే, మొగుడు మస్కట్లో ఉండంగా ఎట్ల చేసుకుందునమ్మా అని నవ్వేదట. వింటున్నవాళ్ళు తల దించుకునేవాళ్ళట.

ఆయన పాస్‌పోర్టు ఇన్నిసార్లు మార్చుకున్నా అంతా మస్కట్‌లోనే జరిగిపోయింది. పోలీసు మనిషి మా పల్లెకు వెళ్ళి, హసన్ ఎవరమ్మా అని అడగడం ఇదే మొదలు కాబోతోంది.

మరుసటి శుక్రవారం మా ఆయన, ఖురియాత్ రేవులో ఒక చేపల పడవ ఇంజన్ చూడాలని నన్నూ వెంట తీసుకుపోయాడు. నాదియా చెవిన పడకుండా మాట్లాడుకోవడానికి మాకు వేరే చోటు లేదు. ఎండకు సముద్రం తెల్లగా మండుతోంది. ఇంజన్ మూత విప్పి, దాని వైపే చూస్తూ, పోవద్దులే మహబూ, ఊరికి పోదాం అన్నాడు. ఊరికి పోయి ఏం చేస్తామని అడిగాను. ఆ ఊళ్ళో ఆయన పేరున రేషను కార్డు లేదు, ఓటు లేదు. ఉన్నదల్లా అన్న పేరుతో చేసిన బతుకు. పైగా నాదియా అప్పటికే ఫోనులో స్పెయిన్ భాష నేర్చుకుంటోంది. వంటింట్లో నాకు కూడా ఒకటి రెండు మాటలు నేర్పింది. అడుగుదాం, ఏమయితే అదయితాది అన్నాను. ఆయన పానా కింద పెట్టి చాలాసేపు చేతులు తుడుచుకున్నాడు.

జూన్‌లో స్పెయిన్ ఎంబసీకి వెళ్ళాం. పాస్‌పోర్టు పేజీలన్నిటి నకళ్ళు, నింపిన ఫారం, కంపెనీ ఉత్తరం, అన్నీ గంగాప్రసాద్ సర్ది ఇచ్చిన ఫైల్లో ఉన్నాయి. కౌంటర్ వెనక ఒక చిన్న వయసు ఆమె కూర్చుని ఉంది. నవ్వుతూనే మాట్లాడింది. తండ్రి పేరు అడిగింది, తల్లి పేరు అడిగింది. ఆ రెండూ నిజమే కాబట్టి మా ఆయన గొంతు బాగానే పలికింది. పుట్టిన తేదీ అడిగేసరికి పాఠం అప్పజెప్పినట్టు అన్న తేదీ చెప్పాడు. ఆమె పాస్‌పోర్టు తెరిచి ఫొటో చూసింది, ఆయన మొహం చూసింది, మళ్ళీ ఫొటో చూసింది. తర్వాత పాస్‌పోర్టు పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

బయట గేటు దగ్గర పోలీసాయన నిలబడి ఉన్నాడు. ఆయన ఇటు తిరిగితే చాలు, మమ్మల్నే చూస్తున్నాడనిపించింది. మా ఆయన మెడ మీద చెమట చొక్కాలోకి కారుతోంది. ఏసీ గదిలో ఆ చెమట ఎవరైనా గమనిస్తారేమోనని నా చున్నీ అంచుతో తుడవబోయి, అట్లా తుడిస్తే ఇంకా అనుమానం వస్తుందని చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

ఆమె తిరిగి వచ్చింది. ఒక నకలు మసకగా ఉందని ఇంకోటి తీసుకొచ్చిందట, అంతే. తన ఎదురుగా సంతకం పెట్టమంది. ఆయన హసన్ అని సంతకం పెట్టాడు. ఎన్నో ఏళ్ళుగా జీతం తీసుకునేటప్పుడు పెడుతున్న సంతకమే. ఆ రోజు మాత్రం అక్షరం అక్షరం గీసినట్టు పెట్టాడు.

ఆ తర్వాత మొదలైంది అసలు భయం. పోలీసు సర్టిఫికెట్టుకు మన ఎంబసీలో అర్జీ ఇచ్చాక, అది ఎప్పుడు ఊరు చేరుతుందో, ఎవరు వస్తారో, ఎవరిని అడుగుతారో తెలియదు. మా పల్లెలో అందరికీ తెలుసు హసన్ గోరీ ఎక్కడుందో. ఎవరూ చెడ్డవాళ్ళు కాదు. అయినా ఒక ముసలాయన మాట తూలితే చాలు, ఒక పిల్ల నిజం చెప్తే చాలు. కింద కిరాణా కొట్టు ముందు కారు ఆగితే కిటికీ తెర పక్కకు జరిపి చూసేదాన్ని. ఇండియా నంబరు మోగితే ఎత్తే ముందు తలుపు మూసేదాన్ని. బడి సెలవులు కావడంతో నాదియా ఇంట్లోనే ఉండేది. నీకేమైందమ్మా, బీపీ చూపించుకో అని నన్ను క్లినిక్కుకు తీసుకుపోయింది కూడా. డాక్టరు ఉప్పు తగ్గించమన్నాడు.

జులైలో ఒక మధ్యాహ్నం రషీదక్క ఫోన్ చేసింది. మా ఆయన డ్యూటీ నుంచి తిండికి వచ్చి ఉన్నాడు. నాదియా స్నేహితురాలి ఇంటికి వెళ్ళింది. అక్క గొంతు మామూలుగానే ఉంది. వానలు లేవనీ, మేకకు కాలు బాగాలేదనీ చెప్పింది. ఆ తర్వాత, పోలీసాయన వచ్చిపోయినాడు, జిలానికియ్యి ఫోను అంది.

ఆయన స్పీకరు పెట్టాడు.

"ఏమడిగినాడు వదినా?"

"హసన్ ఎవురన్నాడు. మా బావ, మస్కట్లో ఉండాడన్నా. నువ్వెవురన్నాడు. ఆయన తమ్ముడు జిలాని పెండ్లాన్నన్నా."

ఫోన్లో మేక అరుపు వినిపిస్తోంది.

"జిలాని యాడన్నాడు," అంది అక్క. "సచ్చిపోయినాడన్నా. లారీ గుద్దింది అన్నా. గోరీ గూడా చూపిచ్చినా."

నా చెయ్యి నాకు తెలియకుండానే మెడలోని నల్లపూసలను పట్టుకుంది. ఎదురుగా మా ఆయన ఉన్నాడు, గోళ్ళలో గ్రీసు నలుపుతో, ముందున్న కంచంలో అన్నం కలుపుతూ ఆగిపోయి. మనిషి కళ్ళ ముందరే ఉన్నాడు, అయినా ఒక్క క్షణం ఆయన ఛాతీ కదులుతోందా లేదా అని చూశాను.

"ఎందుకట్ల చెప్పినావు వదినా?" అన్నాడు చివరికి.

"ఇద్దర్లో ఒకరు సచ్చిపోయింటేనే గదా కత కుదిరేది. ఉండేది ఒకటే గోరీ."

పోలీసాయన అంతా రాసుకుని ఆమె చేత వేలిముద్ర వేయించుకున్నాడట. ఊరివాళ్ళు ఇద్దరు సాక్షి సంతకాలు పెట్టారట. మంచివాడేనట ఆయన. విధవ పింఛను ఎందుకు పెట్టుకోలేదమ్మా ఇన్నేళ్ళూ అని అడిగాడట. ఇంగ పెట్టుకుంటాలే సార్ అందట అక్క. అది చెప్పి నవ్వబోయింది. నవ్వు సగంలో దగ్గయింది. భయపడొద్దు, పాపను బాగా సదివీండి అని పెట్టేసింది.

పోలీసు సర్టిఫికెట్టు వచ్చింది. ఆగస్టులో నంబరు కూడా వచ్చింది. ముందు ఒక అక్షరం, తర్వాత ఏడంకెలు, చివర ఇంకో అక్షరం. మెయిల్లో వచ్చినదాన్ని నాదియా పైకి చదివింది, స్పెయిన్ భాషలో ఒకసారి, తెలుగులో ఒకసారి. వాళ్ళ నాయన భుజాలు పట్టుకుని ఊపింది. ఆయన నవ్వాడు. ఆ పిల్ల ఫోన్ తీసుకుని స్నేహితులకు చెప్పడానికి లోపలి గదిలోకి పోయాక, నాతో మెల్లగా అన్నాడు.

"ఇది గూడా అన్నకే వచ్చింది."

దొరికిపోతామన్న భయం తీరాలి కదా అప్పుడు. నాకు తీరలేదు. మా ఆయనలో ఏదో ఆగిపోయింది. యార్డులో అందరూ చేతులు కలిపి ముబారక్ చెప్తుంటే, ఇంటికి వచ్చి గోడకానుకుని కూర్చునేవాడు. ఒక రోజు షేవింగ్ చేసుకుంటూ అద్దంలో చూసుకుంటున్నవాడు, అక్కడ నేను పోతే ఏ పేరుతో పూడుస్తారు మహబూ అని అడిగాడు. అట్లాంటి మాటలు మాట్లాడొద్దన్నాను. ఇంట్లో ఎవరో పోయినట్టే ఉండేది. నేను ఆయన్ని పదే పదే ముట్టుకుని చూసేదాన్ని. నిద్రపోతున్నప్పుడు ముక్కు దగ్గర వేలు పెట్టి చూసిన రోజులు కూడా ఉన్నాయి.

వీసాకు పాస్‌పోర్టు ఇవ్వాల్సిన వారం వచ్చింది. గంగాప్రసాద్ ఇచ్చేసి వచ్చాడు. మా ఆయన ఇవ్వలేదు. మధ్యాహ్నం అన్నం ముందర కూర్చుని, మన ఎంబసీకి పోయి జరిగింది చెప్పేస్తానన్నాడు.

నేను బతిమాలాను. కోప్పడ్డాను. జైల్లో పెడతారన్నాను. అన్నీ అయిపోయినాయి కదా, ఇంక ఎవరు అడుగుతారు, అక్కడికి పోతే మన ఊరు పేరు కూడా ఎవరికీ తెలియదు అన్నాను.

"వదిన నోట నన్ను సంపిచ్చినాం," అన్నాడు. "ఆమెను ఇంకా ఎన్ని చెప్పమందాం?"

"నీ పేరు నువ్వు తీసుకుంటే పాప పేరు ఏమయితాది? దాని పుట్టిన కాగితంలో నువ్వు లేవు."

అప్పుడు చూశాను, నాదియా తలుపు దగ్గర నిలబడి ఉంది. చేతిలో మంచినీళ్ళ సీసా.

"నా కాగితంలో ఎవరున్నారు?" అంది.

చెప్పాం. ఇద్దరం ఒకరి మాట ఒకరం అందుకుంటూ, తడబడుతూ చెప్పాం. నాదియా హసన్ అని బడిలో పిలిచే ఆ హసన్ వాళ్ళ పెద్దనాయన అనీ, ఆ పిల్ల పుట్టకముందే పోయాడనీ. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. నాకెందుకు చెప్పలేదని కూడా అడగలేదు. సీసా బల్ల మీద పెట్టి గదిలోకి పోయింది. కొన్నాళ్ళు మాతో మాట్లాడలేదు. పిలిస్తే వచ్చి తినేది, కంచం కడిగి పెట్టేది. ఆ నిశ్శబ్దంలో నాకు పోలీసుల భయం కంటే ఈ భయం పెద్దదయింది. ఈ పిల్ల మమ్మల్ని ఇంక అమ్మా నాయనా అనుకోదేమో అని.

ఒక సాయంత్రం వచ్చి, పెద్దమ్మ నంబరియ్యమ్మా అని అడిగింది. ఇచ్చాను. తలుపేసుకుని చాలాసేపు మాట్లాడింది. ఏం మాట్లాడుకున్నారో ఇప్పటికీ నాకు తెలియదు, ఇద్దరూ చెప్పలేదు. బయటికి వచ్చి వాళ్ళ నాయన పక్కన కూర్చుంది.

"ఎప్పుడు పోతావు నాయనా ఎంబసీకి?"

"చూద్దాంలే."

"నేనూ వస్తా," అంది. తర్వాత టీవీ పెట్టింది.

ఆదివారం పొద్దున ముగ్గురం వెళ్ళాం. అక్కడి ఆఫీసరు నడివయసు మనిషి. మొదట అర్థం కాక, పేరులో తప్పుంటే ఫారం నింపమన్నాడు. మా ఆయన అది తప్పు కాదు సార్, అది వేరే మనిషి అన్నాడు. ఆఫీసరు కలం కింద పెట్టి తలుపు మూయించాడు. హిందీలో అంతా విన్నాడు. విన్నాక నావైపు తిరిగి, ఈయన మీకేమవుతారు, పేరేమిటి అని అడిగాడు.

మొగుడి పేరు నోటితో పలకడం నాకు అలవాటు లేదు. పలికే అవసరమూ ఎప్పుడూ రాలేదు. జిలాని అన్నాను. ఇంకోసారి చెప్పమన్నాడు. చెప్పాను.

పాస్‌పోర్టులు మూడూ తీసుకున్నారు. ఒమన్ పోలీసులకు తెలియజేశారు. వాళ్ళు మా ఆయన్ని తీసుకుపోయి కొన్నాళ్ళు లోపల ఉంచారు. ఎన్నాళ్ళో ముందు ఎవరూ చెప్పలేదు. నేనూ నాదియా అజైబా ఇంట్లో ఒకే మంచం మీద పడుకునేవాళ్ళం, ఫోన్ మధ్యలో పెట్టుకుని. మెట్ల మీద చెప్పుల చప్పుడైతే ఇద్దరం లేచి కూర్చునేవాళ్ళం. కొట్టారేమో, తిన్నాడో లేదో, మమ్మల్నీ తీసుకుపోతారేమో. ఆ రోజుల్లో మా కూతురు నా చెయ్యి వదల్లేదు. ఎవరూ ఆయన్ని కొట్టలేదని తర్వాత తెలిసింది. వేలిముద్రలు తీసుకుని, మళ్ళీ ఈ దేశం రాకూడదని చెప్పి, నవంబరులో ఒకవైపు ప్రయాణానికి మాత్రమే పనికొచ్చే కాగితాలతో ముగ్గురినీ పంపేశారు.

విమానాశ్రయానికి గంగాప్రసాద్ వచ్చాడు. అతనికి విగో వీసా వచ్చేసింది. ఇరవై ఏళ్ళు పక్కపక్కన పనిచేసిన మనిషి. మా ఆయన్ని కావలించుకున్నాడు. ఏదో పిలవబోయి, ఏ పేరుతో పిలవాలో తెలియక, వెళ్ళి రండి భాయ్ అని ఊరుకున్నాడు.

ఇప్పుడు రాయచోటిలో ఉంటున్నాం. మా ఆయన ట్రాక్టర్ల షెడ్డులో పనిచేస్తున్నాడు. కోర్టులో కేసు నడుస్తోంది. వాయిదా రోజు పొద్దున ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటుంటే ఈ రోజు ఇంటికి వస్తాడో రాడో అని ఇప్పటికీ వాకిలి దాకా వెంట పోతాను. అబద్ధపు సాక్ష్యం చెప్పినందుకు రషీదక్కను కూడా పిలిచారు. వకీలు ఆమెకేం కాదంటున్నాడు. నాదియాకు ఒక ఏడాది పోయింది. తండ్రి పేరు మార్పించుకోవడానికి ఆఫీసుల చుట్టూ తిరుగుతోంది. కొన్నిసార్లు నా మీద అరుస్తుంది. అరవనిస్తాను.

హసన్ చనిపోయినట్టు నమోదు చేయించడానికి ఆర్డీవో ఆఫీసులో చాలా రోజులు పట్టింది. పాత సాక్షులను మళ్ళీ పిలిచారు. మొన్న ఎండాకాలం ఆ కాగితం చేతికొచ్చింది. ఆ మధ్యాహ్నమే పల్లెకు వెళ్ళి మా ఆయన దాన్ని రషీదక్కకు ఇచ్చాడు. ఆమెకు చదవడం రాదు. పేరు యాడుందని అడిగింది. వేలు పెట్టి చూపించాడు. ఆమె దాని మీద తన వేలు పెట్టింది. కాసేపు అట్లాగే ఉండి, ఒక్కసారిగా గడప మీద కూలబడి ఏడ్చింది. అట్లాంటి ఏడుపు నేను అంతకుముందు వినలేదు. హసన్ పోయిన రోజు, ఏజెంటుకు తెలిస్తే వీసా పోతుందని, మా అత్త ఆమె నోట్లో కొంగు కుక్కిందని పక్కింటామె నా చెవిలో చెప్పింది.

ఆడవాళ్ళు ఒకరొకరుగా వచ్చి చుట్టూ కూర్చున్నారు. ఎవరో మా ఇంటి పొయ్యి వెలిగించనివ్వకుండా వాళ్ళింటి నుంచి అన్నం తెచ్చారు. మగవాళ్ళు వీధిలో చాప వేసుకుని, తలకు గుడ్డ చుట్టుకుని, మా ఆయన పక్కన కూర్చున్నారు. దారిన పోతున్న ఆటో డ్రైవరు ఒకతను జనాన్ని చూసి బండి ఆపి, ఎవురు పోయినారన్నా అని అడిగాడు.

"మా అన్న," అన్నాడు మా ఆయన. "హసన్."